కొసరు అడిగితే ముష్టివాణ్ణా?

మా చిన్నప్పుడు... తూకం అయిపోయాక కూడా సంచి మూతి మూసేవాళ్ళం కాదు. కాటా ఒరిగింది, డబ్బులు ఇచ్చేశాం, అయినా సంచి తెరిచే ఉంటుంది. పైన ఇంకో గుప్పెడు పడాలి. దాన్ని మనం కొసరు అంటాం. ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు పురౌనీ అంటారు.

ఆ కొసరు కోసం సంచి తెరిచి పట్టుకున్నందుకు ఒక కిరాణా సేఠ్ పదిమందిలో నన్ను ముష్టివాణ్ణి చేశాడు. తొమ్మిదేళ్ళయింది. మరిచిపోయాననుకుంటున్నాడేమో... నేను మరిచిపోలేదు.

నేను పుట్టిందే రాయపూర్ రైల్వే క్వార్టర్లో. మా అయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల గ్యాంగు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనూ అదే పని చేసి రిటైరయ్యాను. చదువు మూడో తరగతి. నేను చెబుతుంటే ఫోనే రాస్తోంది. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మా అమ్మ బజారుకి వెళ్తే నేనూ వెనకే పోయేవాణ్ణి. కూరలమ్మే మరారిన్ ఆవిడ వంకాయలు తూచి ఇచ్చాక, మీద ఇంకో వంకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న కొత్తిమీర కట్ట... "లే బహినీ, పురౌనీ" అని, తీసుకో చెల్లీ అన్నట్టు తనే పడేసేది. అడగక్కర్లేదు. ఎక్కువ వేశానని ఆవిడ గొప్ప చెప్పుకోలేదు, పుచ్చుకున్నామని మేము తల దించుకోలేదు. మర్నాటి పచ్చడి దాంతోనే గడిచిపోయేది.

తరవాత సంగతి వినండి. కందిపప్పు ధర మాంసంతో పోటీ పడిన ఏడాది... కాలనీ మూల మీదున్న సేఠ్ కొట్టులో కిలో కందిపప్పు తీసుకున్నాను. మా అయ్య కాలం నుంచీ ఆ కొట్టే మాకు. అలవాటు కొద్దీ సంచి తెరిచే పట్టుకున్నాను. సేఠ్ నా వైపు చూశాడు, సంచి వైపు చూశాడు.

"దాదా, సౌదా లేనా హై తో లో. భీక్ మందిర్ కే సామ్నే మిల్తీ హై."

సరుకు కావాలంటే కొనుక్కోవాలట, బిచ్చం గుడి ముందు దొరుకుతుందట! పక్కనున్న వాళ్ళు నవ్వారు. నవ్విన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

నా మొహం చూసి కాస్త తగ్గాడేమో, కారణాలు చెప్పడం మొదలుపెట్టాడు. వానలు లేక పంట పోయిందట. డీజిలు పెరిగి లారీ కిరాయి పెరిగిందట. టాటీబంధ్‌లో లారీ దిగిన బస్తా ఇక్కడికి చేరేసరికి హమాలీ కూలి వేరేనట. పెద్ద వ్యాపారులు సరుకు గోదాముల్లో దాచి కూర్చున్నారట. ఇన్ని పెరిగితే కొసరు ఎక్కడి నుంచి తెచ్చివ్వనన్నాడు.

ఒప్పుకున్నాను. అవన్నీ నిజమే. సరుకు తక్కువై కొనేవాళ్ళు ఎక్కువైతే ధర ఎగురుతుంది, అది తెలుసుకోవడానికి కాలేజీ అక్కర్లేదు. కానీ మరుసటి ఏడాది వానలు పడ్డాయి, పప్పు దిగింది. మరి కొసరు మళ్ళీ రాలేదేం? కొత్తిమీర కూడా అంతే. టమాటా మండిన రోజుల్లో ఉత్తినే ఇవ్వడం ఆపారు. టమాటా చవకైంది, కొత్తిమీరకి మాత్రం ఇప్పటికీ వేరే డబ్బులే. ధర ఎక్కడానికి వంద కారణాలు చెప్పే నోళ్ళు దిగేటప్పుడు ఎందుకు మూసుకుంటాయి?

ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. ఊరి చివర భన్‌పురి దాకా ఆటోలో పోయి సరుకు తెచ్చాను. ఆటో కిరాయి కలుపుకుంటే మా పప్పు ఇంకా ఖరీదు. అయినా వెళ్ళాను.

ఇంట్లో మా ఆవిడ తన దారి తను చూసుకుంది. కందిపప్పు సగం చేసి ఎర్రపప్పు కలిపింది. టమాటా మానేసి చింతపండు పులుసు పెట్టింది. నూనె డబ్బా బదులు ప్యాకెట్టు తెప్పించింది. నా పింఛను చాలనప్పుడు ఇడ్లీ పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు కాలనీలో సగం ఇళ్ళకి మా పిండే.

పోయిన వారం పొద్దున్నే గుమ్మంలో ఎవరా అని చూస్తే... సేఠ్. కోడలు పంపిందట. చేతిలో స్టీలు గిన్నె. మా ఆవిడ రెండు డబ్బాలు కొలిచి పోసింది. డబ్బులు ఇచ్చాడు. ఇచ్చీ కదలడే! గిన్నె మూత చంకలో పెట్టుకుని, గిన్నె అలాగే ముందుకి పట్టుకుని నిలబడ్డాడు.

నా నోటి దాకా వచ్చింది. గుడి ముందు కూర్చోమని అందామనే అనుకున్నాను. ఈలోగా మా ఆవిడ గరిటెడు పిండి మీద పోసేసింది. అతను నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను మండిపడితే ఆవిడ గరిటె కడుక్కుంటూ అంది, "ఏటయ్యా అలగ సూస్తన్నావు? గరిటెడు ఎక్కువ పోసినానని నాను దాతనైపోలేదు. పట్టుకెళ్ళినోడు ముష్టోడైపోలేదు."

మినపప్పు ధర ఆవిడకీ పెరిగింది. కరెంటు బిల్లు ఆవిడకీ వస్తోంది. అయినా పోసింది. అందుకే సేఠ్ మీద నా కోపం ఇంకా ఎక్కువైంది.

ఇప్పుడు అన్నీ ప్యాకెట్లే... కొసరు వెయ్యడానికి చోటే లేదు. మీ ఊళ్ళో కొసరు ఆఖరుసారి ఎవరు వేశారో, ఏం వేశారో రాయండి. చదివించుకుని వింటాను.

సేఠ్‌కి తెలుగు రాదు. అతని కొట్టులో కొనే మనవాళ్ళు ఎవరైనా ఇది హిందీలో చెప్పండి. వచ్చే ఆదివారం పొద్దున్న, కొట్టు ముందు నలుగురూ ఉండగా వస్తాను. సేఠ్‌జీ, మా గుమ్మంలో నువ్వు పట్టుకెళ్ళింది కొసరైతే, ఆ రోజు నేనడిగింది బిచ్చమెలా అయింది? ఆదివారం నాటికి జవాబు కావాలి.