దుమ్ము అద్దం మీద అంగడి

కృష్ణగిరి నుంచి హోసూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె వైరు బుట్టలు అల్లి, ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి ఒక వెబ్‌సైటులో అమ్ముతుంది. ఇంగ్లీషు రాదు. ముగ్గు నేర్చుకున్నట్టు పేజీలో ఏ బటన్ ఏ చోట ఉందో గుర్తుపెట్టుకుంది. కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో గళ్ళు గీసి చూపించింది.

“ఈడ ఒత్తితే బుట్ట అమ్మకానికి పెట్టినట్లమ్మా. నిన్న ఆ వెబ్‌సైటోళ్ళు పేజీ మార్చేసినారు. తెలీక అదే చోట ఒత్తినాను, ఫోటోలన్నీ పోయినాయి. నా అంగడే లేదు.”

“సెంటర్‌లో అడగండి.”

“వాళ్ళకూ తెలీదంట. ఇంకోటి ఒత్తితే ఇంకేం పోతుందో!”

నాకు కంప్యూటర్ వచ్చు. అయినా ఆ గళ్ళను ముట్టుకోవాలంటే భయమేసింది.

హోసూరులో దిగేటప్పుడు ఆమె ఎడమచేత్తోనే కమ్మీ పట్టుకుంది. దుమ్మంటిన కుడి చూపుడువేలిని, పొరపాటున దేనికైనా తగులుతుందేమోనన్నట్టు, పిడికిట్లో దాచుకుంది.