మూర తక్కువ కంబళి

మా పక్కింటి నల్లమ్మత్తకు పెరట్లోని చింతచెట్టంటే ఒళ్లుమంట. పండు గుమ్మఘట్ట సంతకు పోయేది, గింజలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయేవి. వాటిని వేయించి, పొట్టు కొట్టి, నానబెట్టి, రుబ్బి, గంజి కాయడం అంతా ఆమె పనే. ఆ గంజి పట్టిస్తేనే నిలువు పోగుల ఉన్ని పడుగు బిగుస్తుంది, మగ్గం మీద దారం తెగకుండా నిలుస్తుంది. కంబళి నేసిన పేరు మాత్రం ఆమె మొగుడు ఈరప్ప మామది.

"నా రెక్కలు రోట్లోనే అరిగిపోయినాయమ్మీ. పేరు ఆయప్పది" అనేది నాతో. నిజమే. ఆమె చేతులు చూస్తే నాకు కోపం వచ్చేది.

మా ఊరి కురుబలకు ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జాతరకు బీరప్ప దేవుని గద్దె మీద ఈరప్ప మామ నేసిన కొత్త కంబళి పరుస్తారు. కొత్తది పరచగానే పాతది నేసిన ఇంటికే తిరిగి వస్తుంది.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. కాళ్లున్నవాళ్లు గొర్రెలను తోలుకుని నీళ్లున్న దిక్కుకు పోయారు. మిగిలినవాళ్లం చింతగింజలు వేయించి, ఉప్పునీళ్లలో నానేసి నమిలేవాళ్లం. చెట్టు కూడా ఆ యేడు మొక్కుబడిగానే కాసింది. మామ ఇంట్లో ఒక్క డబ్బా గింజలు మిగిలాయి. తింటే కొన్ని పూటలు గడుస్తాయి, గంజి కాస్తే దేవుడి కంబళి అవుతుంది.

"తినేద్దాం. దేవునికి పోయినేటి కంబళే పరుస్తారులే" అంది అత్త.

"మా నాయన కాలం నుంచి ఒక్క యేడు తప్పలేదే."

"మీ నాయన కాలంలో వానలు పడినాయి."

మామ పోయి పడుగు సవరించుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమే లేచి డబ్బా దించింది. గొణుగుతూనే రుబ్బింది కూడా ఆమే. ఆ గుణమే నాకు నచ్చేది కాదు. పొయ్యి మీద గంజి కలుపుతూ కలుపుతూ గోడకు చేరగిలబడి సోలిపోయింది. ఉన్న సంగటంతా మొగుడికే పెట్టి, తాను తిన్నానని చెబుతూ వచ్చిందని అప్పుడు గానీ మాకు తెలియలేదు.

మామ పడుగు వదిలి వచ్చాడు. చెంబెడు గంజి వంచి, ఉప్పు వేసి, ఊది ఊది చల్లార్చి ఆమె నోటికి అందించాడు.

"దేవుని గంజప్పా అది" అని తల తిప్పుకుంది.

"తాగు" అన్నాడంతే. ఆమె తాగింది.

మిగిలిన గంజి చాలినంత మేరకే పడుగుకు పట్టించి, గంజి అందని పడుగును కోసేసి నేశాడు. జాతరలో పూజారి బయ్యన్న కంబళి పరిచి చూసి, "ఏమప్పా ఈరప్పా, మూర తక్కువుండాదే?" అని అందరి ముందే అడిగాడు.

"ఆ మూరకు పట్టాల్సిన గంజి నా పెండ్లాం తాగింది. దేవునికి చెప్పుకున్నా" అన్నాడు మామ. బయ్యన్న కంబళి అంచులు సర్ది పూజ మొదలుపెట్టాడు.

మరుసటేడు ఆ కంబళి ఇంటికి వచ్చింది. కొన్నేళ్లకు మామ పోయినప్పుడు ఆయన మీద దాన్నే కప్పారు. పాదాలు బయటే ఉండిపోయాయి. ఎవరో ఇంకో దుప్పటి తెమ్మన్నారు. అత్త వద్దంది. ఆయన కాళ్ల దగ్గర కూలబడి, ఆ పాదాలను ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది.

"ఆ మూర నా కడుపులో ఉండాది. నేనే కప్పుతా" అంది.