అంతా కంపెనీ వాళ్లే

మా వీధి దొరస్వామన్నకు ఒకటే పట్టు. మందు అమ్మేవాడే రోగాన్ని పుట్టిస్తాడు. దోమల చుట్టలు అమ్మే కంపెనీ వాళ్లు ఎక్కడో తొట్లు కట్టించి దోమలు పెంచుతున్నారు. చుండ్రు పోగొట్టే షాంపూ వాళ్లు మామూలు షాంపూలో చుండ్రు కలిపి పంపుతున్నారు. టమాటా తోటలకు పురుగుమందు అమ్మేవాళ్లు ముందుగానే పురుగుల్ని సంచుల్లో తెచ్చి పొలాల మీద వదిలిపోతున్నారు. "అట్ల యాడన్నా ఉంటాదా అన్నా?" అని ఎవరైనా అడిగారా, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"లేదని నువ్వు సూసినావా?"

మనం చూసి ఉండం. కాబట్టి ఆయన గెలిచినట్టే.

ఈ గుణం ఉద్యోగం వల్ల అంటుకుందని నా లెక్క. పుంగనూరు పాలకేంద్రంలో ముప్పై ఏళ్లు పాలు పరీక్ష చేసిన మనిషి. పాలలో ముంచితే నీళ్లు కలిపారో లేదో చెప్పే గాజు పుల్ల, అదే లాక్టోమీటరు, ఆ ముప్పై ఏళ్లూ ఆయన చేతిలోనే ఉంది. రిటైరై మదనపల్లెకు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకుని తిరుగుతాడు. మాట్లాడేటప్పుడు తీసి మన ముఖం ముందు ఆడిస్తాడు, మనల్నే ముంచి చూడబోతున్నట్టు. మా ఇంట్లో కాఫీ ఇస్తే ముందు దాని వైపు చూస్తాడు, తర్వాత నా వైపు చూస్తాడు, ఆ తర్వాతే తాగుతాడు.

నాకు ఆయన్ను చూస్తే నవ్వు. ఎందుకంటే ఆయన అమాయకత్వం నాకు చాలా పాత రోజుల నుంచి తెలుసు. పెళ్లయిన కొత్తలో నేను పుంగనూరు పక్క పల్లెలో ఉండేదాన్ని, ఆ కేంద్రంలోనే పాలు పోసేదాన్ని. ఒకరోజు ఇంటికి చుట్టాలు దిగి పాలన్నీ కాఫీలకే అయిపోయాయి. రోజూ పోసే కొలత తగ్గితే అత్త అరుస్తుందని క్యానులో రెండు చెంబులు బావినీళ్లు కలిపి తీసుకుపోయాను. లాక్టోమీటరు బుడుంగున లోపలికి దిగిపోయింది. నా గుండె దానికంటే లోతుకు దిగింది. వెనక ఇరవై మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. దొరస్వామన్న పుల్లను పైకి తీసి, తుడిచి, అందరికీ వినపడేలా అందుకున్నాడు.

"ఈ దాణా కంపెనీ వాళ్లు నాశనమైపోతారు. దాణాలో ఏందో కలుపుతాండారు. పాపం ఆవులు నీళ్లిస్తాండాయి. చెంగమ్మా, రేపట్నుంచి ఆ దాణా మార్చు."

అరగంట సేపు కంపెనీని తిట్టాడు. నీళ్లు పోసింది నేను, తిట్లు తిన్నది కంపెనీ. ఇంత అమాయకుణ్ణి పాలు పరీక్షించడానికి ఎవరు పెట్టారో అని మూడు రోజులు లోపల్లోపల నవ్వుకున్నాను. మర్యాదకు దాణా కూడా మార్చాను.

ఇప్పుడు గిరీష్ సంగతికి వస్తాను. మా పక్క ఊరు అంగళ్లులోని కాలేజీలో ఇంజనీరింగు చదివి, బెంగుళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, ఇంకొకరి కింద పనిచేయడం చేతకాదని తిరిగొచ్చి, మా వీధి మొదట్లో కంప్యూటర్లు రిపేరు చేసే అంగడి పెట్టుకున్నాడు. గోడ మీద ఒక డాలు బొమ్మ అతికించాడు. తెరిచిన రోజే దొరస్వామన్న కన్ను దాని మీద పడింది.

"ఈ డాలేందప్పా?"

"యాంటీవైరస్ మామా. కంప్యూటర్లోకి వైరస్ రాకుండా కాపలా కాస్తాది."

"వైరస్ ఎవరు చేస్తారు?"

"ఎవరో దొంగలు మామా. కొందరు దోచుకునేదానికి, కొందరు తమాషాకు."

"కాపలా ఎవరు అమ్ముతారు?"

"కంపెనీ వాళ్లు."

"వైరస్సే లేకపోతే కంపెనీ వాళ్లు ఏం తింటారు?"

గిరీష్ నవ్వాడు. "అందరూ అడిగేదే మామా ఇది. దొంగలు చేసేవాటిని పట్టేదానికే వాళ్లకు తీరిక సాలదు, ఇంగ సొంతంగా యాడ చేస్తారు? చేసి దొరికిపోతే వాళ్ల సరుకు మళ్ల ఎవరన్నా కొంటారా?"

జేబులోంచి లాక్టోమీటరు బయటికి వచ్చింది. "చేయలేదని నువ్వు సూసినావా?"

ఇంజనీరింగు చదివిన పిల్లవాడు, డాలు వైపు ఒకసారి చూసి మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

ఈ మాటను వీధంతా మోసింది నేనేనని తర్వాత అన్నారు. అబద్ధం. నేను చెప్పింది ఇద్దరికే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కుప్పంలో మా తమ్ముడి కూతురి పెళ్లి జరిగింది. వీడియోను పెండ్రైవులో పెట్టి ఇచ్చారు. మా టీవీకి పెడితే ఆడలేదు. ఆడలేదని ఊరుకుంటే ఎట్లా? అప్పగింతల దగ్గర నేను మూడు నిమిషాలు కనపడతాను, అదీ ముందు వరసలో. అందుకని పెండ్రైవును కొంగు చివర ముడి వేసుకుని, కంప్యూటరు ఉన్న ఇల్లల్లా ఎక్కాను. తొమ్మిది ఇళ్లు. ముహూర్తం చూసినవాళ్లకు రిసెప్షను చూపించడానికి రెండోసారి, రిసెప్షను చూసినవాళ్లకు నా మూడు నిమిషాలు చూపించడానికి మూడోసారి. తెరవగానే ప్రతి బొమ్మ మూలా ఒక చిన్న బాణం గుర్తు ఉండేది. ఫోటోగ్రాఫరు ముచ్చటపడి వేసిన డిజైనని అందరికీ నేనే వివరించాను.

ఇది ఇలా సాగుతుండగా వీధిలో కంప్యూటర్లకు జబ్బు మొదలైంది. గౌరమ్మ కూతురు శ్రీలక్ష్మి ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తుంది. ఒక పొద్దున చూస్తే ఆ పిల్ల ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. గిరీష్ బాగు చేశాడు. పది రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ బాగు చేశాడు. మళ్లీ వచ్చింది. వరసగా తొమ్మిది ఇళ్లలో ఇదే కథ.

జనానికి దొరస్వామన్న మాట గుర్తొచ్చింది. మందు అమ్మేవాడే రోగాన్ని పుట్టిస్తాడు. మా వీధిలో మందు అమ్మేది ఎవరు? గిరీష్. పని కోసం ఆ పిల్లవాడే బాగు చేసేటప్పుడు ఒక వైరస్ వేసి పంపుతున్నాడని తేల్చేశారు. అంగడికి పోయేవాళ్లు పోవడం మానేశారు. దారిన పోతూ లోపలికి చూసి గుసగుసలాడేవాళ్లు మాత్రం పెరిగారు.

ఒకరోజు గిరీష్ పెళ్లాం కుసుమ మా ఇంటికి వచ్చింది. కరివేపాకు కావాలంది, ఇచ్చినా పోలేదు.

"ఏమ్మా?"

"నెలాఖరుకు అంగడి మూసేస్తాం అత్తా. మళ్ల బెంగుళూరికే పోదామంటాండాడు. అన్నం కూడా సరిగ్గా తినల్యా. నన్ను దొంగంటాండారు కుసుమా అని ఒకటే మాట."

నేను చెప్పులు వేసుకుని నేరుగా దొరస్వామన్న ఇంటికి పోయాను.

"అన్నా, నీ మాట పుణ్యమా అని ఆ పిల్లోడి అంగడి మూత పడతాండాది. తెలుసునా?"

"నేనన్నింది కంపెనీ వాళ్లను గదమ్మా. గిరీష్‌ని యాడన్నాను?"

"కంపెనీ వాళ్లు ఈడ ఎవరికి కనపడతారు? జనానికి కనపడేది గిరీషే గదా."

జేబు మీదికి పోయిన చెయ్యి ఖాళీగా కిందికి వచ్చింది. ఆయన మాట్లాడుతుండగా లాక్టోమీటరు బయటికి రాకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

పోయి ఆ పిల్లవాణ్ణి ఓదారుస్తాడనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తన ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని అంగట్లోకి దిగాడు.

"ఈ పొద్దుట్నుంచి నీ మీద నిఘా. వైరస్ నువ్వు వేస్తాండావో లేదో నేను తేలుస్తా."

కుసుమ నోట్లో కొంగు కుక్కుకుంది. గిరీష్ చేతులు జోడించాడు. "నెలాఖరు దాకా గదా మామా, కూర్చో."

ఆయన కూర్చోవడమే కాదు, పాలకేంద్రం పద్ధతి పెట్టాడు. అక్కడ పాలల్లో తేడా ఉందని గొడవ వస్తే ఒక సీసాలో ఆ పాలు పట్టి, మూతకు కాగితం అంటించి, పోసినవాళ్ల సంతకం తీసుకునేవారు. కాగితం చినిగిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టు. అదే పద్ధతి కంప్యూటర్లకు వచ్చింది. గిరీష్ బాగు చేయగానే, పెండ్రైవు పెట్టే కన్నాల మీద మైదా జిగురుతో కాగితం ముక్క అంటించి, తారీఖు వేసి, ఇంటివాళ్ల చేత సంతకం చేయించేవాడు.

"కాగితం బాగుండి వైరస్ వచ్చిందంటే దొంగ గిరీష్. కాగితం చినిగి వైరస్ వచ్చిందంటే అది బయట్నుంచి వచ్చింది. అర్థమాయనా?"

అందరికీ అర్థమైంది. ఇంకొకటి కూడా జరిగింది. అనుమానం మనిషి దొరస్వామే పొద్దస్తమానం కాపలా కూర్చున్నాడంటే ఇక భయమేముందని, మానేసినవాళ్లంతా ఒక్కొక్కరే కంప్యూటర్లు చంకన పెట్టుకుని మళ్లీ వచ్చారు. తొమ్మిది ఇళ్లకూ కాగితాలు పడ్డాయి.

ఎనిమిదో రోజున గౌరమ్మ లాప్‌టాప్ పట్టుకుని ఊపుకుంటూ వచ్చింది. వెనక సగం వీధి. సగం వీధి కదిలితే నేను ఇంట్లో ఉండే రకం కాదు.

"మళ్ల వచ్చింది. సూడండి, మళ్ల వచ్చింది. ఏం గిరీష్, ఇప్పుడేమంటావు?"

గిరీష్ తెర వెలిగించాడు. "ఇదో, ఈ బాణం గుర్తులు సూడండి అందరూ. ప్రతిదాని మూలా ఉండాయి గదా. వైరస్ పెట్టే గుర్తు ఇదే. పెండ్రైవులో వస్తాది. పెండ్రైవు ఏ కంప్యూటర్లో పెడితే దాంట్లోకి దూరుతాది."

నేను తెర వైపు చూశాను. కుప్పం ఫోటోగ్రాఫరు డిజైను. అచ్చం అదే.

నా చెయ్యి దానంతట అదే కొంగు ముడి మీదికి పోయింది. అదే క్షణాన దొరస్వామన్న కళ్లు కూడా అక్కడికే వచ్చాయి. ముడిని చూశాడు. నన్ను చూశాడు. మా ఇంట్లో కాఫీ తాగే ముందు చూసే చూపు.

లాప్‌టాప్‌ను తిప్పి కన్నం మీది కాగితం చూపించాడు. మధ్యకు చినిగి ఉంది.

"కాగితం చినిగింది. గిరీష్ మీద మచ్చ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కండ్ల ముందరే ఉండాడు."

"అయితే ఎవురు చేసినట్టు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

గౌరమ్మ నోరు తెరిచింది. "మొన్న చెంగమ్మక్క ఆ పెండ్లి..."

"పెండ్లి సంగతులు తర్వాత," అని దొరస్వామన్న గొంతు పెంచాడు. లాక్టోమీటరు బయటికి వచ్చింది. "ఇది కంపెనీ వాళ్ల పని."

"కంపెనీ వాళ్లు మా ఇంట్లోకి వచ్చి కాగితం చింపినారా?"

"లేదని నువ్వు సూసినావా?"

పాపం గౌరమ్మ చూసింది. చింపింది ఆమే. నా మూడు నిమిషాలు చూడాలని తన గోరుతోనే చింపింది. ఆ ముక్క ఒప్పుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుంది. దొరస్వామన్న అరగంట సేపు కంపెనీ వాళ్లను దులిపేశాడు. వాళ్లకు ఊరు లేదు, పేరు లేదు, వాళ్ల పెళ్లాలు కరివేపాకు కోసం ఎవరింటికీ పోరు. జనం తృప్తిగా విని, గిరీష్‌తో రెండు మంచి మాటలు చెప్పి, ఇళ్లకు పోయారు. కుసుమ లోపలికి పోయి, కట్టిపెట్టిన అట్టపెట్టెలు మళ్లీ విప్పుతున్న చప్పుడు వినిపించింది.

నేను ఆయన వెనకే నడిచాను. మా గేటు దగ్గర ఆయన్ను ఆపాను.

"అన్నా."

"ఊఁ."

"వీధంతా తిప్పింది నేనే."

"కంపెనీ వాళ్లు నీ ముడిలో పెట్టింటారు. రేపు దాన్ని గిరీష్ దగ్గర కడిగిచ్చు. మళ్ల ఎవరింటికీ ఎక్కొద్దు."

అప్పుడు నాకు తట్టింది. చుట్టాలు, రెండు చెంబులు, వెనక ఇరవై మంది ఆడవాళ్లు. ముప్పై ఏళ్లు పాలల్లో నీళ్లు పట్టిన మనిషికి ఆవు ఇచ్చిన నీళ్లేవో, బావి నీళ్లేవో తెలియదా? అమాయకుడని నేను నవ్వుకున్నది ఎవరిని చూసి?

"అన్నా, ఆ పొద్దు పుంగనూర్లో, దాణా కాదన్నా. నీళ్లు నేనే పోసినాను."

ఆయన లాక్టోమీటరును తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోసినావని నేను సూసినానా?"

అని వాళ్ల ఇంటి వైపు తిరిగిపోయాడు.

మర్నాడు గిరీష్ నా పెండ్రైవును శుభ్రం చేశాడు. బాణాలు పోయాయి, పెళ్లి మిగిలింది. తీరా బాగయ్యాక చూడకపోతే బాగుండదని అంగట్లోనే పెట్టించాను. కుసుమ, గిరీష్, ప్లాస్టిక్ కుర్చీలో దొరస్వామన్న. నిఘా అయిపోయినా ఆ కుర్చీ మాత్రం ఇంటికి పోలేదు. అప్పగింతలు వచ్చాయి. తెర మీద నేను, ముందు వరసలో, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఎక్కెక్కి ఏడుస్తున్నాను. కుసుమ కూడా ముక్కు చీదింది.

దొరస్వామన్న లాక్టోమీటరును తెరకు ఆనించి పెట్టి, నా కన్నీళ్లను కాసేపు పరీక్షించాడు.

"గిరీష్, ఈ అప్పగింతలు కనిపెట్టింది ఎవరనుకుంటాండావు? చేతిరుమాళ్లు అమ్మే కంపెనీ వాళ్లే."

గిరీష్ ఈసారి వాదించలేదు. మామకు టీ చెప్పాడు.