నర్సమ్మ కారు

ఆ వీధిలో టైలరు దగ్గర బట్టలు కుట్టించుకోవాలంటే ముందు ఓపిక ఉండాలి. కోటైనా, చొక్కా అయినా ఒకసారి ట్రయల్ చూడనిదే కొట్టు గడప దాటనిచ్చేవాడు కాదు. "రేపు ఇంటర్వ్యూ ఉందండీ, ఇచ్చేయండి" అని కాళ్లావేళ్లా పడ్డా వినడు. ఒకావిడ దిండు గలీబులు కుట్టమని ఇచ్చి, "వీటికీ ట్రయలేనా?" అని వేళాకోళమాడితే, దిండు తీసుకురమ్మన్నాడు. ఆవిడ తీసుకురాక తప్పలేదు.

అలాంటి మనిషి ట్రయల్ చూడకుండా చేసిన పని ఒకే ఒక్కటి ఉంది. అది తన భార్య కారు.

భార్యను అందరూ నర్సమ్మ అనేవారు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, ఇంజక్షన్లు ఇవ్వడం, మందులు వేసుకుంటున్నారో దిండు కింద దాచేస్తున్నారో కనిపెట్టడం ఆవిడ పని. సొంత కారు ఉంది కాబట్టే క్లినిక్ వాళ్లు ఆ ఉద్యోగం ఇచ్చారు. బస్సులు తిరగని సందుల్లోనూ, ఊరి చివరి ఇళ్లలోనూ ఉన్నవాళ్లే ఆవిడ రోగుల్లో ఎక్కువమంది. వార్డులో అయితే పై అధికారి, గంట కొట్టేవాళ్లు, అరిచేవాళ్లు. ఇళ్లకు వెళ్తే ఆవిడే డాక్టరు, ఆవిడే ఆడపడుచు. ఆ పనంటే ఆవిడకు ప్రాణం.

కారు చిన్న పాత హ్యాచ్‌బ్యాక్. నీలం రంగు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. వెనక తలుపు పైకెత్తితే దూది, గాజుగుడ్డ, బీపీ మిషను. చలి ఎక్కువైన పొద్దుటిపూట స్టార్ట్ చేయాలంటే బతిమాలాలి. ఆవిడ నిజంగానే బతిమాలేది. "లేమ్మా, పెద్దాయన ఎదురుచూస్తుంటాడు" అనేది స్టీరింగు నిమురుతూ. అది కాసేపు మొరాయించి, దగ్గి, తర్వాత కదిలేది. దారి మధ్యలో ఆవిడను దింపేసిన రోజు మాత్రం ఒక్కటీ లేదు.

ఒక వానాకాలం నర్సమ్మ తడిసిన బూట్లతో ఇంటికొచ్చింది. టైలరు కారులో చాప ఎత్తి చూస్తే అడుగు రేకు తుప్పు పట్టి చిల్లు పడింది. నర్సమ్మ తమ్ముడు వెల్డింగు పనివాడు. అతనొచ్చి వంగి చూసి, "ఒక్క పూట పని బావా. రేకు ముక్క వేసి అతికేస్తా. అక్క మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లిపోవచ్చు" అన్నాడు.

"అతుకులేసి ఇవ్వడం నా చేత కాదురా," అన్నాడు టైలరు. "చేస్తే మొత్తం చేద్దాం. మీ అక్కకి కొత్త కారులా చేసిద్దాం."

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ నిజం మొత్తం కూడా లేదు. కుట్టుపని నేర్చుకునే కుర్రతనంలో ఆయన పత్రికల్లోంచి పందెం కార్ల బొమ్మలు కత్తిరించి దాచుకునేవాడు. నేలకు ఆనుకుని పరిగెత్తే చిన్న కార్లంటే పిచ్చి. ఆ తర్వాత జీవితమంతా మిషను పెడల్ తొక్కడమే సరిపోయింది. ఆ సరదా ఒకటుందని ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయనే సగం మరిచిపోయాడు. చిల్లు పడ్డ రేకులోంచి నేల కనిపించేసరికి అది మళ్లీ తల ఎత్తింది.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని నర్సమ్మ అడిగింది.

"రెండు నెలలు. ఇంకా ముందే ఇచ్చేస్తాననుకో."

ఆవిడ క్లినిక్‌లో మాట్లాడుకుంది. కారు వచ్చేదాకా వార్డులో చెయ్యమని, ఇళ్లకు వెళ్లే పని ఆవిడకే అట్టేపెడతామని వాళ్లన్నారు. మర్నాటి నుంచి నర్సమ్మ బస్సెక్కింది.

కొట్టు వెనక రేకుల షెడ్డులో పని మొదలైంది. టైలరు కారును కూడా బట్టలాగే చూశాడు. అడుగు రేకుకు ముందు మందపాటి కాగితం మీద నమూనా కత్తిరించాడు. సుద్దతో గీతలు గీశాడు. ఆ గీత వెంట బావమరిది రేకు కోసి అతికేవాడు. తుప్పు గీకడం, లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం ఆయన సొంతంగా నేర్చుకున్నాడు. తలుపుల లోపలి అట్టలకు తోలు కుట్టబోతే మిషను సూదులు పుటుక్కున విరిగిపోయాయి. సరేనని చేత్తో కుట్టాడు. వేళ్లు బొబ్బలెక్కినా ముఖం వెలిగిపోతూ ఉండేది. కొట్లో కోట్లు పేరుకుపోయాయి. ట్రయల్ కోసం వచ్చినవాళ్లు షెడ్డులోకి తొంగిచూసి, కారు కిందనుంచి కనిపించే టైలరు కాళ్లతో మాట్లాడి వెళ్లేవారు.

అక్కడితో ఆపి ఉంటే రెండు నెలలకు కాకపోయినా నాలుగో నెలకైనా నర్సమ్మ తన రోగుల దగ్గరికి వెళ్లేది. కానీ ఆయనకు చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగినవాడికి ఇంకొంచెం చేద్దామనిపిస్తుంది. పాత స్ప్రింగులు తీసి పొట్టి స్ప్రింగులు వేసి కారును కిందికి దించాడు. సన్న టైర్లు తీసి వెడల్పు టైర్లు వేశాడు. పెద్ద స్టీరింగు స్థానంలో పళ్లెమంత చిన్నది పెట్టాడు. పందెం కార్ల క్లచ్ ఒకటి సంపాదించాడు. అది తొక్కడానికి పిక్క బలం కావాలి. ఆయన పిక్కలు జీవితమంతా మిషను తొక్కినవి. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

చివరికి సీట్లు. పాత సీట్లు పాతసామాన్లవాడికి ఇచ్చేసి, నడుమును రెండు వైపులా పట్టి ఉంచే గుల్ల సీట్లు తెచ్చాడు. వాటికి తనే నల్లతోలు తొడిగి ఎర్ర దారంతో కుట్టాడు. ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల మీద బిగిస్తే సీటు ఎత్తై తన తల కప్పుకు తగులుతోంది. అందుకని పట్టాలు తీసేసి, సీటును తిన్నగా నేలకే బోల్టులు వేసి బిగించమన్నాడు. ఎంత దూరంలో బిగించాలి అంటే, తనే కూర్చుని కాలు చాపి, మడమ ఆనినచోట సుద్దతో గీసి చూపించాడు. మనిషి దగ్గర లేకపోతే తన ఒంటి మీదే కొలత చూసుకోవడం ఆయనకు అలవాటు. కోటు విషయంలో అయితే ఆ మనిషి వచ్చేదాకా కుట్లు బిగించేవాడు కాదు.

బావమరిది చేతిలోని పానా పక్కన పెట్టాడు. "బావా, అక్క నీ భుజాల దాకా కూడా రాదు. ఒక్కసారి పిలిచి కూర్చోబెట్టి చూద్దాం."

"ఇప్పుడే చూపిస్తే మజా ఏముంటుందిరా? పూర్తయ్యాక కళ్లు మూయించి తీసుకొస్తా."

"అక్క కారు కదా, అక్కని అడిగితే పోయేదేముంది?"

"నువ్వు బోల్టు బిగించు."

అతను బిగించాడు. బావ మాట తీసెయ్యలేక బిగించాడే కానీ, ఆ తర్వాత చాలా రోజులు షెడ్డు వైపు రాలేదు.

ఇక నర్సమ్మ సంగతి. మొదట్లో బస్సు దిగి వస్తూనే, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. ఆయన నీళ్లు నమిలి, "అదిగో, ఇంజను ఎక్కించడమే" అనేవాడు. తర్వాత ఆదివారాలు మాత్రం అడిగేది. కారుకు ఎర్రరంగు పడ్డ రోజుల్లో అడగడం పూర్తిగా మానేసింది. టీ కప్పు తెచ్చి షెడ్డు గడప మీద పెట్టి, లోపలికి చూడకుండా వెళ్లిపోయేది. తనను కాస్త ప్రశాంతంగా పని చేసుకోనిస్తోందని టైలరు మురిసిపోయాడు. ఎంత సహనం, ఎంత నమ్మకం అనుకున్నాడు. ఎంత తెలివితక్కువ మనిషినో అని ఇప్పుడు ఆయనే అంటాడు.

మరుసటి వానాకాలం దగ్గరపడుతుండగా కారు పూర్తయింది. ఆదివారం పొద్దున్న ఆవిడ కళ్లు మూయించి, భుజాలు పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. ఎర్రగా, నేలకు బొడ్డు ఆనించి నిలబడ్డ కారు చుట్టూ నర్సమ్మ ఒకసారి తిరిగి చూసింది.

"బాగుంది," అంది తర్వాత. "చాలా కష్టపడ్డారు."

"కూర్చో మరి!"

ఆవిడ మోకాళ్లు అంత కిందికి వంగే మోకాళ్లు కావు. తలుపు పట్టుకుని, కప్పు పట్టుకుని, అబ్బా అనుకుంటూ ఎలాగో లోపలికి జారింది. కాలు చాపితే బూటు కొస క్లచ్‌కు అందీ అందలేదు. టైలరు పరుగున ఇంట్లోకి వెళ్లి దిండు తెచ్చి వీపు వెనక పెట్టాడు. కాలు అందింది కానీ క్లచ్ కిందికి దిగలేదు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ఒళ్లంతా బిగబట్టి తొక్కింది. కారు ఒక్క గంతు వేసి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి షెడ్డులోంచి సందులోకి తిప్పబోయింది. వెడల్పు టైర్లు, చిన్న స్టీరింగు, గోడను తిప్పినట్టుంది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. ఇంజను ఆపేసి, తాళం తీసి, ఆయన చేతిలో పెట్టింది.

"ఒక్క వారం ఆగు," అన్నాడు టైలరు. "పట్టాలు వేయిస్తా. సన్న టైర్లు వేసేస్తా. పాత స్టీరింగు ఇక్కడే ఎక్కడో ఉంది. వచ్చే నెల నుంచి నీ రోగుల దగ్గరికి నువ్వు వెళ్లిపోవచ్చు."

"ఆ ఉద్యోగం ఎప్పుడో పోయిందండీ."

"పోవడమేంటి?"

"ఎన్నాళ్లని ఆపుతారు వాళ్లు మాత్రం? స్కూటరున్న అమ్మాయి దొరికింది, ఇచ్చేశారు. మీరు ఎర్రరంగు కొడుతున్నారే, అప్పుడు."

"నాకు చెప్పలేదేం మరి?"

నర్సమ్మ కారులోనే కూర్చుని ఉంది. లేవడానికి చెయ్యి ఇమ్మన్నట్టు చాపింది. "చెబుదామనే షెడ్డుకి వచ్చా. మీరు ఈల వేసుకుంటూ రంగు కొడుతున్నారు. పెళ్లయ్యాక మీరు ఈల వెయ్యడం నేనెప్పుడూ వినలేదు. చెప్పలేకపోయా."

ఆయన చెయ్యి పట్టి లేపాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లినిక్‌కు వెళ్లి, తప్పు తనదని, పని నర్సమ్మకు తిరిగి ఇప్పించమని అడిగాడు. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, మర్యాదగానే కుదరదన్నారు. ఆ స్కూటరు అమ్మాయి తప్పేముంది, ఆమె పొట్ట కొట్టమని ఎలా అడుగుతాడు? తిరిగొచ్చి బావమరిదిని పిలిచి సీటు విప్పించాడు. పట్టాలు వేశారు, పాత క్లచ్, పాత స్టీరింగు, పొడుగు స్ప్రింగులు పెట్టారు, టైర్లు మార్చారు. ఈసారి నర్సమ్మను కూర్చోబెట్టి, లేపి, మళ్లీ కూర్చోబెట్టి కొలతలు చూశాడు. కారు ఆవిడకు అతికినట్టు సరిపోయింది. వెళ్లడానికే చోటు లేకుండా పోయింది.

తర్వాత ఒక సెలవురోజున ఆవిడే, "పెద్దావిడని ఒకసారి చూసొద్దాం, వస్తారా?" అంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఆవిడ. కాలి పుండుకు నర్సమ్మ చాలాకాలం కట్టు కట్టింది. నర్సమ్మ నడిపింది, టైలరు పక్కన కూర్చున్నాడు. దారంతా ఆవిడ హుషారుగా, ఏ ఇంట్లో ఎవరుండేవారో చెబుతూనే ఉంది. ఇంతమందిని ఈమె దగ్గర్నుంచి లాక్కున్నానా అనుకున్నాడు.

పెద్దావిడ నర్సమ్మను చూసి రెండు చేతులూ పట్టుకుంది. "ఎక్కడికి పోయావే తల్లీ? కారు చప్పుడు వినపడుతుందేమోనని కొన్నాళ్లు కిటికీ దగ్గర కూర్చుని చూశా. తర్వాత కూర్చోవడం మానేశా."

"కారు పాడైందమ్మా," అంది నర్సమ్మ. "మా ఆయనే రిపేరు చేశారు. ఆలస్యమైంది."

"ఇదిగో, బాగు చేసింది మీరేనా బాబూ?" అని పెద్దావిడ టైలరు వైపు తిరిగింది. "చల్లగా ఉండండి. పాడైనదాన్ని మంచిగా చేశారు."

సరేనని తల ఊపితే అయిపోయేది. భార్య ఆ వీలు కల్పించనే కల్పించింది. ఆయనకు తల ఊగలేదు.

"పాడవలేదండీ," అన్నాడు. "నడుస్తున్న కారునే నేను విప్పేశాను."

పెద్దావిడ అది హాస్యమనుకుని పకపకా నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. ఆయన వైపు ఒక్కసారి చూసి, ఎవరో కట్టిన కాలి కట్టు వదులుగా ఉందేమోనని వంగి చూడసాగింది.