పోసక్క దున్నని మడి

కిరండుల్‌లో మా రైల్వే క్వార్టరు వెనుక పెరడంతా ఎర్రటి గట్టినేల. రెండేళ్లపాటు గునపంతో తవ్వి వంగనారు వేస్తే, జానెడు ఎదగకుండానే మాడిపోయింది. స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసే మా ఆయన, "సిమెంటు పోయించేద్దాం. ఈ గొడవేటి మనకి?" అన్నారు. పక్కింటి నర్సు సుగుణ మాత్రం, "భోపాల్‌పట్నంల మా పెద్దమ్మ పోసక్క దున్నకుంటనే కూరగాయలు పండిస్తది. ఒక్కపారి చూసి రాండ్రి" అంది. ఆ మాటకే నవంబరులో ఒక ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సులో గీదం వెళ్లి, అక్కడ బీజాపూర్ బస్సు మారాను. బీజాపూర్ చేరేసరికి పదకొండున్నర. స్టాండు పక్కన వేడి పోహా, అంటే అటుకుల ఉప్మా, చాయ్ దొరుకుతాయి. తినేసి కదలడం మేలు. భోపాల్‌పట్నం బస్సులో పక్కనున్న పెద్దాయన నా పని విని, "దున్నకుంట పంటనా? ఏందమ్మా, పరాచికమా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను కానీ లోపల బెరుకే.

రెండింటికి పోసక్క ఇల్లు చేరాను. అరవై దాటిన సన్నటి మనిషి. అన్నం, వంకాయ కూర పెట్టాకే మడి చూపించింది. వంగ, టమాట నడుమెత్తున కాసి ఉన్నాయి. కింద మట్టి చూద్దామని పార అందుకున్నాను. చటుక్కున లాక్కుంది.

"నా ఎర్రల కొంప కూల్చకు బిడ్డా!"

ఎర్రలంటే వానపాములట. పైనున్న ఎరువును వేళ్లతో జరిపితే నల్లటి మట్టిలో కదులుతూ కనిపించాయి.

"ఎడ్లు రెండూ ఒక్క వానకాలంలనే సచ్చినయి. మా ఆయన మంచంల వడ్డడు. దున్నెటోళ్లు లేక, మాగిన ఎరువు ఊరికే పైన పరిసి నారు వెట్టిన. ఊరంత నవ్వింది. రెండో యేడు కాత సూసినంక ఇత్తనాలడగ వచ్చిండ్రు" అంది.

పద్ధతి తేలికే. గడ్డిని మొదలంటా కోసి అక్కడే పరచాలి. పైన తడిపిన అట్టలు, వాటిమీద జానెడు మందాన మాగిన ఎరువు. నారు అందులోనే నాటి, చుట్టూ ఎండాకులు కప్పాలి. ఎరువు పచ్చిదైతే వేళ్లు మాడతాయి. మాగిందో లేదో వాసన పట్టడం నా చేత మూడుసార్లు చేయించింది; మూడోసారి సరిగ్గా చెబితే చప్పట్లు కొట్టింది. ఇది రాసేనాటికి మా పెరట్లో వంగ రెండో కాపు మీదుంది. సిమెంటు మాట మళ్లీ రాలేదు.

ఆ రాత్రి పోసక్క ఇంట్లోనే ఉండిపోయాను. మర్నాడు ఏడింటి బస్సులో నాతో ఆమె ఇచ్చిన ఎరువు మూట. "క్యా హై దీదీ?" ఏంటక్కా ఇది, అని కండక్టరు ముక్కు మూసుకున్నాడు. మూట విప్పాను. తొలకరి మట్టి వాసన. ఆయన ముక్కు వదిలేసి, ఇంకోసారి వంగి పీల్చాడు.

బీజాపూర్‌లో మారిన బస్సులో, గంప పట్టుకున్న ఒకావిడ నా పక్కన కూర్చుంది. నా వచ్చీరాని హిందీలో, చేతులూపుతూ అంతా చెప్పాను. "ఖోద్నా నహీ?" తవ్వొద్దా, అని నాలుగుసార్లు అడిగింది. ముందు సీట్లవాళ్లూ వెనక్కి తిరిగారు. గీదంలో ఆమె గుప్పెడు ఎరువు అడిగి కొంగున ముడేసుకుని, "నహీ ఖోద్నా, నహీ ఖోద్నా" అని పాఠంలా వల్లిస్తూ దిగిపోయింది. ఆమె వెంటే మూటతో దిగి, కిరండుల్ బస్సు వెతుక్కుంటూ నేనూ అదే అనుకుంటున్నాను.