రిమ్ముకు రాసిన కొబ్బరినూనె

2006 మే నెల. తాడేపల్లిగూడెంలో నేను సైకిల్ షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఏలూరులోని ఒక క్లబ్బువాళ్ళు పద్నాలుగు మందితో సైకిల్ యాత్ర తలపెట్టి, మెకానిక్కుగా నన్ను రమ్మన్నారు. కొవ్వూరు, రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు దిగి చింతూరు వెళ్ళాలి. కొండలెక్కడానికి రోహిణీకార్తె ఎండలే దొరికాయా అని అప్పుడే అడగాల్సింది. నోరు మూసుకుని వెళ్ళాను.

మాది బల్లపరుపు నేల. మా వైపు చాలామందికి బ్రేకంటే కాలే. వేగం తగ్గాలంటే చెప్పు నేలకు రాస్తారు. అందుకే మారేడుమిల్లి చేరిన సాయంత్రం అన్ని సైకిళ్ళకూ కొత్త బ్రేక్ షూలు వేశాను. షూ అంటే చక్రాన్ని పట్టి ఆపే రబ్బరు ముక్క. రాడ్ బ్రేకుల పాత సైకిళ్ళలో అది రిమ్ము లోపలి వైపు పట్టుకుంటుంది.

అలాంటి పాత సైకిలు ఒక్కటే ఉంది, కరుణ గారిది. ఆవిడ పెంటపాడులో టీచరు. వాళ్ళ నాన్నగారు మండవల్లి చుట్టుపక్కల ఆ సైకిలు మీదే కొల్లేటి చేపలు అమ్మి ఆమెను చదివించారు. ఆయన పోయాక దాన్ని ఆవిడే తొక్కుతున్నారు. "నాన్నగారి సైకిలు ఒక్కసారి కొండ దాటాలండీ" అని దారి పొడవునా చెబుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే క్లబ్బు కార్యదర్శి జీపులోంచే కేకేశాడు. "పైన ఫోటోలు తీస్తారండీ, సైకిళ్ళు మెరిసిపోవాలి!" అందరూ గుడ్డలు పట్టుకుని కూర్చున్నారు. తుడుచుకోవడమేగా అని నేను టీ తాగడానికి వెళ్ళాను.

కొండ మీదికి చేరేసరికి పదకొండు దాటింది. తారు కరిగి టైర్లకు అంటుకుంటోంది. ఇద్దరు వాంతులు చేసుకున్నారు.

"అరగంట ఆపండి సార్, దిగేముందు ఇంకోసారి బ్రేకులు చూస్తాను" అన్నాను.

"నిన్న చూశారు కదండీ! కింద చింతూరులో సభకి పెద్దవాళ్ళొచ్చి కూర్చున్నారు." జీపులోనే కూర్చున్న అతని చేతిలో చల్లటి నీళ్ళ సీసా ఉంది.

సరే అనుకుంటే, బ్యానరు పట్టుకుని ఫోటోలకు ముప్పావుగంట నిలబెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే కరుణ గారిని అడిగాను.

"బ్రేకులెలా ఉన్నాయమ్మా?"

"బానే ఉన్నాయండీ."

రెండో మలుపులో ఆవిడ కేక వినబడింది. "మేస్త్రీగారూ, పడట్లేదండీ!" ముందూ వెనకా బ్రేకులు నొక్కుతూనే ఉన్నారు, సైకిలు మాత్రం జోరందుకుంటోంది. అలవాటుగా కాలు ఆనించారు. చెప్పు తెగి ఎగిరిపోయింది. ఎడమవైపు లోయ. ఆవిడ కుడివైపు తిప్పి కొండకు గుద్దేశారు.

నేను వెళ్ళేసరికి స్పృహలోనే ఉన్నారు, కుడిచెయ్యి వేలాడుతోంది. జీపు వచ్చేలోగా రిమ్ము లోపల వేలు పెట్టి చూశాను. జిడ్డు. వాసన చూస్తే కొబ్బరినూనె.

"ఇదెవరు రాశారమ్మా?"

"నేనేనండీ, ఫోటోకని పొద్దున్న... బుట్టలోంచి ఐసునీళ్ళు కారి తుప్పు పడుతుందని నాన్నగారు రోజూ రాసేవారు. లోపల కూడా రాయాలనేవారండీ."

కొల్లేటి నేలమీద అది జాగ్రత్త. కొండమీద ప్రాణం తీసేదే.

జీపు దిగుతూనే కార్యదర్శి అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "ఆడవాళ్ళకి ఘాట్ రోడ్డు ఎందుకని నేను ముందే అనుకున్నానండీ."

"ఆవిడ ఈ ఎండలో కొండంతా తొక్కుకుంటూ వచ్చారు. మీరు జీపు దిగింది ఇప్పుడే!" అని అరిచాను.

"మరి మెకానిక్కు మీరే కదండీ?" అన్నాడతను, మెత్తగా.

అరగంట అడిగితే ఇవ్వనివాడు అడిగిన ప్రశ్న అది. సిగ్గులేనివాడని ఇప్పటికీ అంటాను. కానీ ప్రశ్న మాత్రం సరైనదే. తర్వాత క్లబ్బు వాళ్ళు 'అనుకోని ప్రమాదం' అని తేల్చేశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం! ఆ బుట్ట దగ్గర నేనూ ఉన్నాను. పెద్దాపురం వాళ్ళయినా పెంటపాడు వాళ్ళయినా మర్యాదకు 'బానే ఉందండీ' అనేస్తారని తెలిసీ, చేత్తో చూడాల్సినదాన్ని నోటితో అడిగి ఊరుకున్నాను.

బడులు తెరిచాక కరుణ గారు సైకిలు నడిపించుకుంటూ షాపుకు వచ్చారు. మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నారు.

"బోర్డు మీద పై వరుస పిల్లలే రాస్తున్నారండీ" అని నవ్వారు. "దీనికి నూనె తుడిచేసి పెట్టండి. మళ్ళీ తొక్కాలి."

సోడాపొడి నీళ్ళతో ఆ రిమ్ములు నేనే మూడుసార్లు కడిగాను.

అప్పట్నుంచీ సైకిలు ఎవరు తెచ్చినా ముందు రిమ్ము లోపల వేలు పెడతాను. "బ్రేకులు బానే ఉన్నాయండీ" అంటారు వాళ్ళు. నేను వేలు చుట్టూ తిప్పి, వాసన చూసుకుంటాను.