చుట్టల పెట్టెలో ఆర్డిత్ మొగ్గలు

నడీన్ చచ్చిపోతే అది నా పెట్టె వల్లే. ఆ నవంబరులో నాకు ఇంకో ఆలోచన లేదు. పాపకి పాలు పట్టిస్తున్నా, ల్యాబ్‌లో తూకం వేస్తున్నా, కొండ దిగుతూ కారు నడుపుతున్నా అదే. నడీన్ మా పొరుగావిడ. క్యాన్సర్‌కి మందు ఎక్కించుకుంటోంది. జ్వరంతో, ఆగని దగ్గుతో, కొండ కింది యురేకా ఊళ్లో ఆసుపత్రిలో పడి ఉంది. ఆమె పీల్చిన గంజాయిలో బూజు ఉంది. ఆ బూజుకి కారణం నేనని కొండ మీద ఎవరికీ తెలియదు. దాన్ని పండించి ఇచ్చిన ఆర్డిత్‌కి కూడా తెలియదు. తప్పు తనదే అనుకుంటోంది.

ఆర్డిత్ కోల్విన్‌కి డెబ్బై మూడేళ్లు. 1975లో ఒక పాత పోస్టు వ్యానులో, ఒక మేకతో హంబోల్ట్ కొండలెక్కింది. వ్యాను మొరాయించిన చోటే ఇల్లు కట్టుకుంది, ఎవరో కూల్చేసిన కోళ్లఫారం చెక్కలతో. గంజాయి తోటల కోసం పోలీసు హెలికాప్టర్లు తిరిగే రోజుల్లో మొక్కల్ని పొదల కింద పెంచేది. ఒకసారి దొరికిపోయి నాలుగు నెలలు జైల్లో ఉంది. ఆ సంగతి అడిగితే “కాఫీ బాగుండేది” అంటుంది, అంతకు మించి చెప్పదు. చట్టం మారి పెద్దవాళ్లు పెద్ద తోటలు వేశాక కూడా ఆవిడ ఆరు మొక్కలు దాటలేదు. అమ్మదు. నొప్పులతో నిద్ర పట్టనివాళ్లకీ, తిండి సహించనివాళ్లకీ ఇస్తుంది.

కోసిన కొమ్మల్ని కొట్టంలో తలకిందులుగా వేలాడదీస్తుంది. కాడ వంచితే టప్పున విరిగే రోజు వచ్చాక మొగ్గలు తుంచి గాజు సీసాల్లో మగ్గబెడుతుంది. మొదటి వారాల్లో రోజుకి రెండుసార్లు మూత తీసి లోపలి తడిగాలిని బయటికి పోనివ్వాలి. దాన్ని మా దగ్గర సీసాకి తేన్పు తెప్పించడం అంటారు. ఆ కాలంలో దారిలో ఎవరు కనిపించినా “తేన్పులయ్యాయా?” అనే పలకరిస్తారు.

మా ఐరిస్ పుట్టినప్పుడు పాలు తాగి తేన్పు రాక ఏడ్చేది. నేను పరిశోధనా పత్రాలు చదువుతూ కూర్చున్నాను. ఆర్డిత్ వచ్చి పాపని ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద రెండు తట్టింది.

“ఏం సైంటిస్టూ, ఇంత చదివి ఇంత గాలి బయటికి రప్పించలేవా? నా సీసాలే నయం, ఏడవవు.”

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట వచ్చి పాపని ఎత్తుకునేది. ఆ గంటలో నేనూ నా భార్య మరీసా ఒకరి తర్వాత ఒకరం పడుకునేవాళ్లం.

ఆ ఏడు ఆవిడ వేళ్ల కణుపులు వాచాయి. సీసాని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మూతకి తువ్వాలు చుట్టి తిప్పుతుంటే చూశాను. ఏదైనా చేయాలనిపించింది. చనిపోయిన మా నాన్నది చుట్టలు దాచుకునే పెట్టె ఒకటి మా ఇంట్లో ఉండేది. బయట వాల్‌నట్, లోపల దేవదారు. మూతలో తేమ చూపించే ముల్లు, నీళ్లతో తడిపి పెట్టే స్పాంజి. తుడిచి, స్పాంజి తడిపి, పట్టుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను.

“ఇందులో పెట్టండి. మూత తిప్పే పని లేదు. తేమ సంగతి అదే చూసుకుంటుంది.”

“ఇది చుట్టలకి కదా?”

“చుట్టా ఆకే, ఇదీ ఆకే.”

“ఇది పువ్వు నాయనా.”

“ముల్లు డెబ్బై దగ్గర ఉంటే చాలు. పెట్టెతో వచ్చిన కాగితంలో రాసుంది.”

ఆర్డిత్ పెట్టెని వాసన చూసి, మూత రెండుసార్లు తెరిచి మూసింది. “నువ్వు చెప్తే సరే. రోజూ తేమ కొలిచేది నువ్వే కదా.”

నిజమే, కొలిచేది నేనే. తోటల నుంచి వచ్చే గంజాయిలో తేమ, బూజు, పురుగుమందులు పరీక్షించడం నా ఉద్యోగం. తేమ ముల్లు అరవై ఐదు దాటిన సరుకుని వెనక్కి పంపిస్తాం. ఆ ముద్ర వేసే చెయ్యి నాది. చుట్ట పగలకుండా ఉండాలంటే డెబ్బై కావాలి, మొగ్గకి డెబ్బై అంటే బూజుకి పాలు పోసినట్టే. రెండు అంకెలూ నాకు తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. నాలుగు నెలలుగా నిద్ర లేదు నిజమే. కానీ నిద్ర లేకపోయినా ల్యాబ్‌లో ఒక్క ముద్ర తప్పు వేయలేదు.

మూడో వారంలో ఆర్డిత్ ఆ పెట్టెలోంచి ఒక చిన్న పొట్లం నడీన్‌కి ఇచ్చింది. మందు ఎక్కించాక నడీన్‌కి గంజి కూడా కడుపులో నిలవడం లేదు. ఆరు రోజులకి ఆమెని ఆసుపత్రిలో చేర్చారు. ఆ మధ్యాహ్నం ఆర్డిత్ నన్ను పిలిచి, కిటికీ దగ్గర తెల్లకాగితం పరిచి, పెట్టెలో మిగిలిన మొగ్గనొకదాన్ని గోటితో చీల్చింది. నడుమ బూడిదరంగు నూగు.

“నలభై ఎనిమిదేళ్లలో ఒక్క సీసాకి బూజు పట్టలేదు,” అంది. “దేవదారు వాసన కింద ఇంకేదో ఉందని నాకు అనిపించింది. తడి గోనెసంచి వాసన. ముల్లు సరిగ్గానే ఉంది కదా అని ఇచ్చేశా. ముసలిదాన్నయిపోయా, ముక్కు మీద నమ్మకం పోయింది.”

అప్పుడే చెప్పాల్సింది. “మీ తప్పు కాదు ఆర్డిత్,” అన్నాను. అది నిజం. ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

మర్నాడు ఆవిడ సీసాలన్నీ కడిగి, రోడ్డు పక్కన పెట్టి, ‘తీసుకెళ్లండి’ అని అట్టముక్క మీద రాసింది. మేకల కొట్టంలో ఉన్న పాత సీసాలు కూడా తెచ్చి పెట్టింది. నేను పెట్టెని ఇంటికి తెచ్చుకుని షెడ్డులో దాచాను. తర్వాత ఆ బూజు పాప ఊపిరిలోకి పోతుందేమోనని భయం పట్టుకుని ఇల్లంతా వెనిగర్‌తో తుడిచాను. ఆర్డిత్ మధ్యాహ్నాలు రావడం మానేసింది. మరీసా అడిగితే, నడీన్ దిగులు పట్టుకుంది ఆవిడకి అన్నాను.

పదో రోజు వెళ్లాను. ఆర్డిత్ ఆపిల్‌పండ్లు చెక్కు తీస్తోంది.

“డెబ్బై అని చెప్పింది నేను,” అన్నాను. “అరవై ఐదు దాటితే ల్యాబ్‌లో నేనే వెనక్కి పంపిస్తాను. ఆ రోజు గుర్తుకు రాలేదు.”

ఆవిడ చెక్కు తీస్తూనే ఉంది. “మరి ఎప్పుడు గుర్తొచ్చింది?”

“మీరు మొగ్గ చీల్చినప్పుడు.”

“అంటే పది రోజులు దీన్ని నా నెత్తినే ఉండనిచ్చావు.”

“అవును.”

కత్తి పక్కన పెట్టింది. అరవలేదు. “పెట్టె సంగతి సరే, ఎవరైనా చేస్తారు. ఈ పది రోజుల సంగతికి నాకు కొంచెం టైం కావాలి.” కోటు అందుకుంది. “నడీన్‌కి చెప్పావా?”

“ఫోన్ చేద్దామని...”

“ఫోనా,” అని నా కారు వైపు నడిచింది.

ఆసుపత్రిలో నడీన్ దిండ్లకి ఆనుకుని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉంది. జ్వరం ముందురోజే తగ్గిందట. ఇది బూజు వల్లేనా, నీరసించిన ఒంటికి ఇంకేదైనా అంటుకుందా అన్నది డాక్టరు కచ్చితంగా చెప్పలేనన్నాడు. ఆ మాట పట్టుకుని తప్పించుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. అంకెలతో సహా అంతా చెప్పాను.

నడీన్ నన్ను చూసి, ఆర్డిత్‌ని చూసింది. “అయితే వీడి చదువు, నీ ముక్కు, రెండూ కలిసి నన్ను పైకి పంపబోయాయన్నమాట.”

“నా ముక్కు సరిగ్గానే చెప్పిందే. నేనే వినలేదు.”

“వీడి మొహం చూడు. ఈ గొట్టం తీసి వీడికి పెట్టాలి.”

నవ్వబోయాను. “నన్ను క్షమించండి నడీన్,” అని, పాపకి పాల వేళయిందంటూ లేచాను. ఆర్డిత్ నా చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

ఈసారి నడీన్ వేళాకోళం లేకుండా మాట్లాడింది. “ఊపిరి అందనప్పుడు మా అక్క గుర్తొచ్చింది. అది ఇలాగే పోయింది. నాకింకా నాలుగుసార్లు మందు ఎక్కించాలి. దీని మూలంగా నెల వాయిదా వేశారు. ఆ నెలలో నా లోపల ఏం పెరుగుతుందో నువ్వు కొలిచి చెప్తావా?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. మేమిద్దరం కూర్చున్నాం. నర్సు వచ్చి, ఇక వెళ్లండి అనేదాకా.

నడీన్ క్రిస్మస్ తర్వాత ఇంటికొచ్చింది. మిగతా మందు ఎక్కించారు. వేసవికి ఒళ్లు కొంచెం తేరుకుంది. నెల ఆలస్యం ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆర్డిత్ మళ్లీ మధ్యాహ్నాలు వస్తోంది, ఇప్పుడు పాప ఆవిడ వెంట పరిగెడుతోంది. ఈ ఏడు మొక్కలు పెట్టలేదు. చేతులు బాగాలేవంటుంది. చేతులేనా కారణం అని అడిగే ధైర్యం నాకు లేదు.

పోయిన నెల ఒక రైతు సరుకు ఫలితాన్ని నేను ఇంకొకరి పేరు మీద పంపేశాను. క్షమాపణ ఉత్తరం రాసి పంపమన్నారు పైవాళ్లు. గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్లి ఆయన వాకిట్లో కూర్చుని, ఆయన కోపం తగ్గేదాకా ఉన్నాను. ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ కారులో ఆర్డిత్ చెప్పింది అదే మరి.

“క్షమించమని అడగ్గానే లేచి పోకు. అలా పోతే నీ కోసం నువ్వు అడుక్కున్నట్టు. కూర్చో. తిడితే విను, ఏమీ అనకపోతే అదీ విను. వాళ్లు వెళ్లమన్నాక లే.”